వేపాకు తుడిచి చూపిన టీచరమ్మ

ఆ పొద్దున నేను బకెట్టు పట్టుకొని రోడ్డు మీద ఉన్నాను. అంగన్‌వాడీ ముందు సగం దాకా నీళ్లు చల్లాను, సగం మిగిలింది. అప్పుడు ఆయమ్మ వచ్చింది. అంగన్‌వాడీలో వంట చేసి, ఇంటింటికీ పోయి పిల్లలను తోలుకొచ్చే మనిషి. రోజూ నన్ను చూసి ఏదో ఒక ఎకసెక్కం ఆడనిదే లోపలికి పోదు. ఆ రోజు ఆడలేదు.

"కాకా, ఇయ్యాల నీళ్లు సల్లకు. బడి లేదు" అన్నది.

"ఎందుకు లేదు? ఏం పండుగ ఇయ్యాల?"

"టీచరమ్మ పోయింది కాకా. రాత్రి గుండెల నొప్పి లేసిందట. కరీంనగర్ తీస్కపోతుంటె సుల్తానాబాద్ కాడనే పానం పోయిందట."

ఇంతలో బొగ్గు లారీ ఒకటి వచ్చింది. తడిసిన సగంలో దుమ్ము లేవలేదు. తడవని సగంలో లేచింది. ఆయమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. లారీ పోయింది, దుమ్ము కూడా దిగింది, ఆమె కొంగు తియ్యలేదు. ఏడుస్తున్నదని అప్పుడు తెలిసింది. నేను మిగిలిన సగం కూడా చల్లి ఇంటికి పోయాను. బడి లేకపోతే ఏం, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలే అలవాటు నాకు లేదు.

నేను చదువుకున్నవాణ్ని కాను. మా గోదావరి ఒడ్డున బొగ్గుగనిని బాయి అంటాం. బాయిలో పనికి చేరినప్పుడు నేను వేలిముద్రగాణ్ని. సంతకం చేయడం, పేపరు కూడబలుక్కొని చదవడం తర్వాత వచ్చాయి. ఇది రాస్తుంటే మా కోడలు తప్పులు దిద్దుతానన్నది. అక్షరాలు దిద్దు, మాటలు మార్చకు అని చెప్పాను. టీచరమ్మ గురించి పెద్ద పెద్ద మాటలు రాస్తే ఆమెకే నచ్చదు. ఆమె చిన్నపిల్లలతో మాట్లాడీ మాట్లాడీ పెద్ద మాటలు మరిచిపోయిన మనిషి.

మా కాలనీ ఎట్లుంటుందో చెప్పాలి. ఒక పక్క బాయి మట్టి పోసిన గుట్ట. ఇంకో పక్క బొగ్గు లారీలు పోయే రోడ్డు. నడుమ మా క్వార్టర్లు. రోడ్డును ఆనుకొనే అంగన్‌వాడీ, దాని ముందు ఒక వేపచెట్టు, వెనక ఒక వేపచెట్టు. ఆరేసిన తెల్లబట్ట మాపటికి బూడిద రంగుకు తిరుగుతుంది. ఎండబెట్టిన మిరపకాయలను కడిగి మళ్లీ ఎండబెట్టాలి. ఇందులో మాకు వింత ఏమీ లేదు. బొగ్గు తవ్వితే దుమ్ము లేస్తుంది, అంతే అనుకొని బతికినవాళ్లం.

అట్లాంటి కాలనీలో పాలపళ్లు ఊడని పిల్లలకు కాలుష్యం అంటే ఏమిటో చెప్పాల్సిన పని ఆమె మీద పడింది. అక్కడే మా ఇద్దరికీ తగాదా అయింది. ఆమెతో నా పరిచయం ఆ తగాదాతోనే మొదలు.

ఒకనాడు మా మనవరాలు నా ఒడిలో కూర్చొని నా చెయ్యి తిప్పి తిప్పి చూసింది. చర్మం కింద అక్కడక్కడా నీలంగా మచ్చలుంటాయి. బొగ్గు తగిలి, దెబ్బ మానేటప్పుడు లోపల ఉండిపోయిన గుర్తులు అవి. బాయిలో పనిచేసిన ప్రతివాడికీ ఉంటాయి.

"తాతా, గిది బొగ్గా?" అని అడిగింది.

"బొగ్గే బిడ్డా. నీ తాత తవ్విన బొగ్గు."

ఆ పిల్ల మెల్లగా నా ఒడిలోంచి దిగింది. పోయి తల్లి పక్కన కూర్చుంది. "బడిల గోడకు భూతం బొమ్మ ఉన్నది. దాని చేతులల్ల బొగ్గు ఉన్నది" అన్నది. మాపటికి మా కొడుకు షిఫ్టు దిగి వచ్చాడు. వాడు నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు బాయిలో డంపరు లారీ నడుపుతాడు. పిల్ల తలుపు చాటుకు పోయింది. వాడు నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు.

తెల్లవారి పోయి అంగన్‌వాడీ వాకిట్లో నిలబడ్డాను. "టీచరమ్మా, జర బయటికి రా" అని పిలిచాను.

"పిల్లలు బువ్వ తింటుండ్రు కాకా. ఇడిసిపెట్టి రాను. నువ్వే లోపటికి రా. చెప్పులు ఆడ ఇడువు."

చెప్పులు విడిచి లోపలికి పోయాను. గోడ మీద ఆ బొమ్మ ఉన్నది. ఎవరో పట్నం నుంచి వచ్చి తగిలించి పోయారట. నల్లటి రాక్షసుడు, నోట్లోంచి పొగ, రెండు చేతుల్లో బొగ్గు పెళ్లలు. కింద కాలుష్య భూతం అని రాసి ఉన్నది. కూడబలుక్కొని చదివాను.

"గీ భూతం ఎవడు? నేనా, నా కొడుకా, నీ మొగడా?" అన్నాను. ఆమె భర్త కూడా బాయిలోనే పని. "నువ్వు కట్టిన చీర బొగ్గుది. గీ పిల్లలు తినే బువ్వ బొగ్గుది. అన్నం పెట్టినోన్ని భూతం అని చెప్తావా పోరగాండ్లకు?"

ఆమె ఒక పిల్లవాడి మూతి తుడుస్తూనే ఉన్నది. తుడిచి, చెయ్యి కడుక్కొని, అప్పుడు నా వైపు చూసింది.

"బువ్వ బొగ్గుదే కాకా. దగ్గు గూడ బొగ్గుదే. రెండూ చెప్పాలె గద పిల్లలకు."

నేను గొంతు పెంచాను. పిల్లలు తినడం ఆపి చూస్తున్నారు. మా మనవరాలు కూడా చూస్తున్నది.

"నాకు దగ్గు సంగతి తెల్సు. బువ్వ సంగతి నీకు తెల్సు" అన్నది టీచరమ్మ. "బాయిల నేను ఏనాడు దిగలే. రేపు గుడ్లు పెట్టే యాళ్లకు వచ్చి నువ్వే చెప్పు. నీతో కాదంటె ఒర్రకుండ ఇంటికి పో."

నాతో కాదని ఎవరైనా అంటే ఆ పని చేసేదాకా నాకు నిద్ర పట్టదు. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో.

మరునాడు పోయేసరికి గోడ మీద బొమ్మ లేదు. మేకు ఒక్కటే ఉన్నది. నా మాటకు భయపడి తీసేసిందనుకొని మీసం సవరించుకున్నాను. ఆమె ఆ గర్వం కూడా ఉంచలేదు. "నీకోసం తియ్యలే కాకా. పోరగాండ్లు రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తుండ్రట. భయపడ్డోడు కండ్లు మూసుకుంటడు. నాకు కండ్లు తెరిసి చూసేటోళ్లు కావాలె" అన్నది.

ఆ మాట నేను ఇప్పటికీ నములుతూ ఉంటాను.

పోయి పిల్లల ముందు కూర్చున్నాను. బాయిలో పెద్ద పెద్ద ఆఫీసర్లకు ఎదురు చెప్పినవాణ్ని. ఆ పిల్లలు నోట్లో గుడ్డు పెట్టుకొని నా వైపు చూస్తుంటే మాట రాలేదు. చివరికి నాకు తెలిసిన పనే చెప్పాను. బాయి లోపల బొగ్గు దుమ్ము లేస్తే నిప్పురవ్వ తగిలి బాయి మొత్తం అంటుకుంటుంది. అందుకని మేము తెల్ల రాతిపొడి చల్లేవాళ్లం. కింద, గోడలకు, పైకప్పుకు. ఆ పొడి పడితే దుమ్ము అణిగి ఉంటుంది.

"సల్లితె బాయి తెల్లగైతదా తాతా?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

"తెల్లగైతది."

"మా ఇంటి లెక్కనా?"

"మీ ఇంటికన్న తెల్లగ. పెండ్లి ఇల్లు లెక్క ఉంటది."

పిల్లలు నవ్వారు. బాయి లోపల తెల్లగా ఉంటుందని వాళ్లకెవరూ చెప్పలేదు. మా మనవరాలు నవ్వలేదు. నేను వచ్చినప్పటి నుంచీ దూరంగా ఆయమ్మ దగ్గరే కూర్చుంది. అక్కడి నుంచే అడిగింది.

"మరి మా బడి ముంగట ఎందుకు సల్లరు తాతా?"

టీచరమ్మ వైపు చూశాను. ఆమె గుడ్ల పొట్టు తీస్తున్నది. తల ఎత్తలేదు. కావాలనే ఎత్తలేదని నాకు తెలుసు. పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉన్నా చెప్పదు. ఎవరిని అడిగారో వాళ్లే చెప్పాలి, అది ఆమె పద్ధతి. బాయి లోపల దుమ్మును పామును చూసినట్టు చూసినవాళ్లం. బయటికి వచ్చాక అదే దుమ్ము మా పిల్లల ముక్కుల్లోకి పోతుంటే మా కంటికి ఆనలేదు. ఈ మాట ఆ పిల్లకు ఎట్లా చెప్పను? చూస్తాలే బిడ్డా అని లేచి వచ్చాను.

రాతిపొడి నేను ఎక్కడ తేను? నీళ్లున్నాయి. మరునాడు పొద్దున పిల్లలు రాకముందే బకెట్టు తీసుకొని పోయి బడి ముందు రోడ్డు మీద చల్లాను. మా దగ్గర తెల్లవారి వాకిట్లో పేడనీళ్లు చల్లే పనిని సాన్పి అంటాం. అది ఆడవాళ్ల పని. మీసాలున్న మొగోడు రోడ్డు మీద నీళ్లు చల్లుతుంటే నల్లా దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా?

"కాక సాన్పి సల్లుతుండు సూడుండ్రే. కాకా, పెండ తెచ్చియ్యాల్నా?" అని ఒకరు.

"సాన్పి అయింది, ముగ్గు ఎవలు ఏస్తరు కాకా?" అని ఇంకొకరు. ఈ మాట ఆయమ్మదే.

"మీ ఆయనను తోలు, ఏస్తడు" అన్నాను. "ఇది సాన్పి కాదే. బాయిల నేను చేసిన పనే ఇది. అప్పుడు జీతమిచ్చిండ్రు, ఇప్పుడు మీరు నవ్వులిస్తుండ్రు."

టీచరమ్మ వచ్చి తడిసిన నేలను చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను. బకెట్టులోకి తొంగి చూసి, "మంచినీళ్లు పోస్తున్నవా? బట్టలు పిండిన నీళ్లు పొయ్యి కాకా. లేకుంటె నీళ్లు దండుగ చేసుడు మీద ఇంకో పాఠం చెప్పాల్సొస్తది" అని లోపలికి పోయింది. పోతూ పోతూ ఆ తడి మీద చెప్పులు విడిచి నడిచింది. అదే మెచ్చుకోలు.

ఆ రోజు బడి విడిచాక మా మనవరాలు నా వేలు పట్టుకొని ఇంటికి వచ్చింది. వేలే, చెయ్యి కాదు. ఒడిలోకి రావడానికి ఇంకా కొంతకాలం పట్టింది. నేను అడగలేదు. మాపటికి వాళ్ల నాయన వస్తే ఎదురుపోయి, "బాపూ, మీ బాయి తెల్లగుంటదా?" అని అడిగింది. వాడికి ఏమీ అర్థం కాలేదు. పిల్లను ఎత్తుకున్నాడు. అది దిగలేదు.

అప్పటి నుంచి ఏదో ఒక సాకుతో బడిలోనే ఉండేవాణ్ని. ఆమె పాఠం చెప్పే తీరు చూడాలని. ఆమె కాలుష్యం అనే మాట చాలా రోజుల దాకా ఎత్తలేదు. ముందు పిల్లలను వేపచెట్టు దగ్గరికి తీసుకుపోయింది. "దుమ్ము రాంగనే మనం లోపటికి ఉరుకుతం. చెట్టు ఉరకలేదు, దానికి కాళ్లు లేవు. అదేం చూసిందో అడుగుదాం పాండ్రి" అన్నది. ఒక ఆకును బొటనవేలితో తుడిపించింది. వేలు నల్లగా అయింది. ఆ వేలిని తెల్లగోడకు ఒత్తమన్నది. రోడ్డు పక్క చెట్టు ఆకు ముద్ర ఒక చోట, బడి వెనక చెట్టు ఆకు ముద్ర దాని పక్కన. ముందరిది నల్లగా, వెనకది పలచగా. పిల్లలకు ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది. వేలిముద్రగాణ్నని అందరూ నన్ను చూసి నవ్వేవాళ్లు ఒకప్పుడు. ఆ గోడ చూశాక వేలిముద్రకు ఇంత చదువు ఉందా అనిపించింది.

నల్లటి వేలు చూసుకొని ఒక పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. టీచరమ్మ ఆ పిల్ల ముందు నేల మీద కూర్చుంది. ఆమె ఎప్పుడూ పిల్లల ముందు నిలబడి మాట్లాడలేదు, మోకాళ్ల నొప్పులున్నా సరే. "బొగ్గు చెడ్డది కాదు బిడ్డా. పొయ్యిల ఉంటె మంట, ముక్కుల ఉంటె దగ్గు. బువ్వ చూడు, కంచంల ఉంటె బువ్వ, నెత్తిల పడితె రోత. దేని జాగల అది ఉండాలె" అన్నది. కాలుష్యం అంటే జాగ తప్పడం, అంతే. పెద్ద పెద్దోళ్లు మైకుల ముందు చెప్పింది విన్నాను. ఇంత తేటగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు.

చెత్త వెయ్యొద్దు అని ఆమె పిల్లలకు ఏనాడూ చెప్పలేదు. ఎవరిదైనా ఏదైనా కింద పడితే తీసి వాళ్లకు ఇవ్వాలి అని మాత్రం నేర్పింది. పలకైనా, బలపమైనా, చాక్లెట్ కాగితమైనా. "మీది పడిపోయింది, తీస్కోండ్రి" అనాలి. నవ్వకుండా, మర్యాదగా అనాలి. నేను తంబాకు తిని కాగితం పారేస్తే వెనక నుంచి ఒక బుడ్డోడు ఉరికొచ్చి, "తాతా, నీది పడిపోయింది" అని చేతిలో పెట్టాడు. కొట్టలేను, తిట్టలేను. జేబులో పెట్టుకున్నాను. మాపటికి నా జేబు చూసి మా కోడలు ఒకటే నవ్వు. ఒకసారి మీటింగుకు వచ్చిన లీడరు తాగి పారేసిన నీళ్ల సీసాను మా మనవరాలు తీసుకుపోయి, మీది పడిపోయింది సారూ అన్నది. ఆయన పాపం తీసుకొని, మీటింగు అయ్యేదాకా చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడు.

లారీల సంగతి కూడా అంతే. బొగ్గు మీద టార్పాలిన్ పట్టా కప్పని లారీ పోతుంటే, గేటు లోపల నిలబడి పిల్లలందరూ ఒక్కటే కేక, "లారీ మామా, నీ దుప్పటేది?" గేటు దాటనిచ్చేది కాదు ఆమె. కొందరు డ్రైవర్లు నవ్వి పోయేవాళ్లు. కొందరు మా కాలనీ మూల మీద లారీ ఆపి పట్టా కట్టుకొని వచ్చేవాళ్లు. అప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్ల కోసమే కడుతున్నానని ఒక డ్రైవరు నాతో చెప్పాడు.

దుమ్ము పోయిందా అంటే పోలేదు. లారీలు తగ్గలేదు, రోడ్డు మారలేదు. అబద్ధం రాయను. ఆమె దుమ్ముతోనే పోయిందని కాలనీలో కొందరు అంటున్నారు. గుండె అని డాక్టర్లు చెప్పారు. నేను డాక్టర్ను కాను.

ఆమె పుట్టిల్లు మంథని. లారీ పోయినప్పుడల్లా కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకునేది. తుడుచుకుంటూ మంథని గోదావరి ముచ్చట తీసేది. "ఎండకాలం మా అవ్వ నన్ను వెంటపెట్టుకొని పోయేది కాకా. ఇసుకల చేతితోని చెలిమ తవ్వితె నీళ్లూరేటియి. మొదటి నీళ్లు తోడి పారబోసి, మల్ల ఊరినయి దోసిట్ల పట్టుకొని తాగేటోళ్లం. ఎంత సల్లగుండేవో." పిల్లలందరినీ బస్సులో మంథని తీసుకుపోయి ఒక్కసారి చెలిమ తవ్వించాలని ఆమె కోరిక. వచ్చే ఎండాకాలం, వచ్చే ఎండాకాలం అనుకుంటూనే ఉన్నాం. నేను తోడు వస్తానన్నాను కూడా.

మంథనికి పోయాను, కానీ ఆమె దినాలకు. గోదావరి ఒడ్డున కర్మ జరిపించారు. పిల్లలను తేవద్దన్నారు గానీ మా మనవరాలు వినలేదు. కార్యం అయ్యాక అక్కడే అందరికీ ఛాయ్ పోశారు. తాగినవాళ్లు తాగినట్టే ప్లాస్టిక్ గిలాసలు ఇసుకలో పడేశారు. దుఃఖంలో ఉన్నవాళ్లు, ఎవరు చూస్తారు. నేను కూడా చూడలేదు. మా మనవరాలు ఒక గిలాస తీసుకొని పోయి టీచరమ్మ భర్త ముందు నిలబడింది. గుండు చేయించుకొని, తడిబట్టతో కూర్చొని ఉన్నాడు.

"మామా, మీది పడిపోయింది" అన్నది.

పిల్లను లాక్కురావాలని లేచాను. ఆయన ఆ గిలాసను చూశాడు. పిల్లను చూశాడు. చావు నాటి నుంచి ఆ మనిషి కంట నీరు రాలేదని అందరూ అనుకుంటున్నారు. అప్పుడు వచ్చింది.

"అవు బిడ్డా, నాదే" అని తీసుకొని, తడిబట్ట కొంగున ముడేసుకున్నాడు.

తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరి గిలాస వాళ్లు వంగి తీసుకున్నారు. మా మనవరాలు ఇసుకలో కూర్చొని చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. మోచేతి దాకా తవ్వినా నీళ్లు ఊరలేదు. తడి మాత్రం తగిలింది. "సల్లగుంది తాతా" అన్నది.

ఇప్పుడు బడి ఆయమ్మే నడుపుతున్నది. కొత్త టీచరు వస్తుందట. వచ్చేలోపు గోడలకు సున్నం వేస్తారట. ముద్రలున్న ఆ గోడను వదిలేయమని చెప్పు కాకా, నీ మాట వింటారు అన్నది ఆయమ్మ. నేను చెప్పలేదు. వెయ్యనీ. గోడ తెల్లగా ఉంటేనే ముద్ర కనబడుతుంది. టీచరమ్మ ఉన్నా అదే అనేది.

ఈ పొద్దున నీళ్లు చల్లడం అయ్యాక బకెట్టు బోర్లించి, రోడ్డు పక్క వేపచెట్టు ఆకు ఒకటి బొటనవేలితో తుడిచాను. పాత ముద్రల పక్కన కాస్త చోటుంటే అక్కడ ఒత్తాను. పాతవాటికన్నా జర పలచగానే ఉన్నది. నా కళ్లు నమ్మలేను, చూపు తగ్గింది. ఇట్లాంటప్పుడు ఆమె లోపలి నుంచి వచ్చి, కళ్లద్దాలు తుడుచుకొని, గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా పెట్టి చూసేది. ఏమంటుందోనని నేను నిలబడేవాణ్ని.

వేలు అట్లాగే ఎత్తి పట్టుకొని గుమ్మం వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. రోడ్డు మీద తడి ఇంకా ఆరలేదు.